థార్‌లో జీపు... ఎంతదూరం వెళ్లాలి?

ఎడారి అనగానే మన కళ్లముందు కదిలే బొమ్మ ఒకటుంటుంది. కనుచూపుమేరా ఇసుక, దానిమీద అలల్లాంటి గీతలు, దూరంగా వరసలో నడిచిపోయే ఒంటెలు. ఈమధ్య ఆ బొమ్మలోకి ఇంకోటి వచ్చి చేరింది. ఇసుక దిబ్బ అంచు మీంచి ముందు చక్రాలు గాల్లోకి లేచి, ధబ్బున అవతలివైపు దూకే జీపు! జైసల్మేర్ వెళ్లొచ్చిన ఏ కుటుంబాన్ని కదిలించినా సెల్‌ఫోన్లో అలాంటి వీడియో ఒకటి చూపిస్తారు. అందులో కేకలు కూడా వినిపిస్తాయి. సరదాగా అరిచేది పిల్లలు, నిజంగా భయపడి అరిచేది పెద్దవాళ్లు.

రాజస్థాన్ అంటే కోటలూ రాజప్రాసాదాలే అనుకునే రోజులు పోయాయి. ఇప్పుడు జైపూర్, ఉదయ్‌పూర్ చూసుకుని, చివర్లో రెండు రోజులు ఎడారికని కేటాయించుకుంటున్నారు మనవాళ్లు. అక్కడే అసలు ప్రశ్న ఎదురవుతుంది. జీపు ఎక్కాల్సింది ఎక్కడ? అందరూ వెళ్లే సమ్ దిబ్బల దగ్గరా? కాస్త పక్కకు, సందడి తక్కువగా ఉండే ఖూరీలోనా? లేక ఇంకా ముందుకు, ఊరూపేరూ లేని సరిహద్దు ఇసుకలోకా? ‘జనం లేని చోటికి వెళ్తేనే అసలు ఎడారి’ అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవలేదు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ అది సగం నిజమే. మిగతా సగం తెలియాలంటే ముందు ఆ నేల గురించి కాస్త తెలుసుకోవాలి.

థార్ విస్తీర్ణం సుమారు రెండు లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో సింహభాగం మనదేశంలోనే ఉంది. మిగిలింది పాకిస్థాన్‌ది. ఒక్క జైసల్మేర్ జిల్లాయే 38 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అంటే కాస్త అటూఇటుగా కేరళ రాష్ట్రమంత! కేరళలో చదరపు కిలోమీటరుకు 860 మంది ఉంటే, ఇక్కడ 17 మందే. ఇవి 2011 నాటి జనాభా లెక్కలు. ఇంత పెద్ద జిల్లాలో ఎటుచూసినా ఇసుకే ఉంటుందనుకుని వెళ్లినవాళ్లు మొదట నిరాశపడతారు. ఎందుకంటే జైసల్మేర్ ఊరి చుట్టూ ఉన్నది రాతి నేల. 1156లో రావల్ జైసల్ కట్టించిన కోట ఎండలో బంగారంలా మెరుస్తుందంటే ఆ నేలలోంచి తీసిన పసుపురాయి మహిమే. సత్యజిత్ రే 1974లో తీసిన ‘సోనార్ కెల్లా’ సినిమాకు ఆ పేరొచ్చిందీ దాన్నిబట్టే. ఆ రాతి నేల దాటాక గులకరాళ్ల మైదానాలు, ఆపైన గడ్డి నేలలు, ముళ్ల పొదలు... వీటన్నిటి మధ్య అక్కడక్కడా ఇసుక దిబ్బల గుంపులు. మనం సినిమాల్లో చూసే, గడ్డిపోచ కూడా మొలవని దిబ్బలు థార్‌లో కొద్ది చోట్లే ఉన్నాయి. అలాంటి చోటు ఊరికి దగ్గరగా, రోడ్డు పక్కనే దొరకడం సమ్ చేసుకున్న అదృష్టం. దురదృష్టమని కూడా అనొచ్చు.

సాయంత్రం సమ్‌లో...

జైసల్మేర్ నుంచి పడమరగా 40 కిలోమీటర్లు వెళ్తే సమ్. దారిలోనే కుల్‌ధరా ఉంది. పాలీవాల్ బ్రాహ్మణులు వదిలేసి వెళ్లిన ఊరు. రాత్రికి రాత్రే ఖాళీ చేశారని, శాపం పెట్టి వెళ్లారని కథలు చెబుతారు. దెయ్యాల కథలకంటే ఆ పాలీవాల్‌లు నీటిని పట్టుకున్న తీరు ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది. రాతి నేల మీద పడిన వాన చినుకుల్ని పల్లానికి మళ్లించి, కట్ట వేసి నిలబెట్టి, ఆ నీళ్లు ఇంకాక తడినేలలో గోధుమ పండించేవారు. వాటిని ఖడీన్‌లంటారు. ఏడాదిలో పట్టుమని పది రోజులు వాన పడని చోట గోధుమలు! మన చెరువుల మీద బతికినవాళ్లకు ఆ తెలివి ఇట్టే అర్థమవుతుంది.

సమ్ దగ్గరపడుతుండగానే రోడ్డుకు రెండువైపులా గుడారాల హోటళ్లు మొదలవుతాయి. రాత్రికి కాల్బేలియా నాట్యం, మంట చుట్టూ కుర్చీలు, దాల్ బాటీ భోజనం... అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. దిబ్బలు మాత్రం నిజంగానే అందమైనవి. నలభై, యాభై మీటర్ల దాకా లేచి, సాయంత్రపు ఎండలో ఒకవైపు బంగారు రంగులో, మరోవైపు ముదురు గోధుమ రంగులో కనిపిస్తాయి. కానీ వాటిని ఒంటరిగా చూద్దామంటే కుదరదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అందులోనూ డిసెంబరు చివరివారంలో, దిబ్బ మీద కాలు పెట్టే చోటుండదు. ఒంటెలవాళ్లు, జీపులవాళ్లు, నాలుగు చక్రాల బైకులవాళ్లు, టీ అమ్మేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు. మాఘ పౌర్ణమికి మూడు రోజులు జరిగే ఎడారి ఉత్సవమప్పుడైతే ఇక చెప్పక్కర్లేదు.

జీపు సవారీ కూడా ఆ సందడికి తగ్గట్టే ఉంటుంది. పైకప్పు తీసేసిన పాత జీపు. వెనక ఇనుప కడ్డీలు పట్టుకుని నిలబడాలి. డ్రైవరు రేజ్ చేసి దిబ్బ ఎక్కిస్తాడు, దించుతాడు, గిరగిరా తిప్పుతాడు. అరగంటో ముప్పావుగంటో. మనవాళ్లు కేకలు వేసేకొద్దీ అతగాడికి ఉత్సాహం. నిజానికి ఇక్కడ భయపడాల్సింది ఇసుకకు కాదు. దిబ్బ అవతలివైపు నుంచి అదే సమయంలో ఇంకో జీపు ఎక్కుతుండొచ్చు. ఒంటె మీద పిల్లలు వస్తుండొచ్చు. అంచు మీద కూర్చుని సూర్యాస్తమయం చూస్తున్న జంట ఉండొచ్చు. ఇంతా చేసి చాలా జీపుల్లో సీటుబెల్టులుండవు. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు నిలబెట్టకుండా సీట్లో కూర్చోబెట్టే బండినే మాట్లాడుకోవాలి. వేగం తగ్గించమని ముందే చెప్పాలి. నడుంనొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు ఆ సరదా జోలికి వెళ్లకపోవడమే మేలు. బేరం కూడా ఎక్కకముందే తేల్చుకోవాలి. ఎంతసేపు, ఎక్కడిదాకా, ఎంతకు అన్న మూడూ.

ఇంత చెప్పాక సమ్ వద్దంటున్నానని అనుకోకండి. తెల్లవారుజామున వెళ్లండి, ఇంకో సమ్ కనిపిస్తుంది. రాత్రంతా వీచిన గాలి నిన్నటి అడుగుల్నీ చక్రాల జాడల్నీ తుడిచేసి ఉంటుంది. ఇసుక చల్లగా, గట్టిగా ఉంటుంది. ఏటవాలు ఎండలో ప్రతి గుంతా ప్రతి అంచూ నీడతో సహా స్పష్టంగా కనిపిస్తుంది. బండి నడిపేవాడికి ఇంతకంటే మంచి సమయం లేదు. మిట్టమధ్యాహ్నం ఎండ నిలువుగా పడినప్పుడు అంతా ఒకే తెలుపు. పది అడుగుల గొయ్యి కూడా చదునుగా కనిపించి మోసం చేస్తుంది. అయినా జనమంతా సాయంత్రమే ఎందుకు వెళ్తారంటే, సూర్యాస్తమయం ఫొటో కోసం!

ఇసుక మీద బండి నడవాలంటే

ఇసుక దిబ్బకు రెండు ముఖాలుంటాయి. గాలి వీచేవైపు వాలు తక్కువ, ఇసుక గట్టిగా అణిగి ఉంటుంది. అవతలివైపు నిట్టనిలువుగా, వదులుగా. థార్‌లో వేసవిలో బలంగా వీచేది నైరుతి గాలి. అందుకే చాలా దిబ్బలకు నైరుతి వైపు ఎక్కే దారి, ఈశాన్యం వైపు జారే దారి. కల్లంలో వడ్లు కుప్ప పోస్తున్నప్పుడు చూసే ఉంటారు. ఎంత పోసినా కుప్ప ఓ వాలు దాటి నిలబడదు, గింజలు జారిపోతాయి. ఇసుకా అంతే. 33 డిగ్రీలో ఎంతో వాలు దాటిందంటే జారడం మొదలుపెడుతుంది. అనుభవం ఉన్న డ్రైవరు నైరుతి నుంచి ఎక్కి, అంచు దగ్గర బండి ఆపి, దిగి నడిచి వెళ్లి అవతల ఏముందో చూసుకుంటాడు. ఆ తర్వాతే దించుతాడు. దించేటప్పుడు ముక్కు సూటిగా కిందికే. భయంతో స్టీరింగు పక్కకు తిప్పితే బండి అడ్డం తిరిగి దొర్లుతుంది. ఇసుకలో జరిగే పెద్ద ప్రమాదాల్లో చాలావరకు ఇలాంటివే.

ఇక టైర్లు. రోడ్డు మీద 30 పాయింట్లకు పైగా గాలి ఉంటే, ఇసుకలోకి దిగేముందు 15, 18 దాకా తగ్గిస్తారు. గాలి తీసేస్తే బండి ఎలా నడుస్తుందని మనకు అనుమానం. ఒంటె పాదం చూస్తే అనుమానం తీరుతుంది. అడుగు వేసినప్పుడు అది మెత్తటి దిండులా వెడల్పుగా పరుచుకుంటుంది. గాలి తగ్గిన టైరు కూడా అలాగే పరుచుకుని, బరువును ఎక్కువ ఇసుక మీద పంచుతుంది. అందుకే కూరుకుపోదు. తిరిగి తారు రోడ్డు ఎక్కగానే గాలి నింపుకోవాలి. లేకపోతే వేగానికి టైరు వేడెక్కి పగిలిపోవచ్చు. కాబట్టి గాలి కొట్టే చిన్న పంపు బండిలో ఉండి తీరాలి.

బండి దిగబడితే? చక్రం గిర్రున తిరుగుతుంటే ఇంకా తొక్కాలనిపిస్తుంది. తొక్కేకొద్దీ తన గోతిని తనే తవ్వుకుంటుంది. బురదలో ఎద్దుల బండి దిగబడినప్పుడు మన రైతులు ఎద్దుల్ని అదిలించకముందు ఏం చేసేవాళ్లో ఇక్కడా అదే. దిగి, చక్రాల ముందు తవ్వి, బరువు దించి, వచ్చిన జాడలోనే వెనక్కి నెమ్మదిగా తీయడం. పార, గోనెపట్టాలు, లాగే తాడు... కంపెనీవాళ్లు అమ్మే రంగురంగుల ప్లాస్టిక్ పలకలున్నా లేకపోయినా ఈ మూడూ ఉంటే చాలావరకు గట్టెక్కొచ్చు. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. ఇంకో బండి. ఒంటరి బండి ఇసుకలోకి వెళ్లకూడదన్నది ప్రపంచంలోని అన్ని ఎడారుల్లోనూ పాటించే నియమం.

ఖూరీ నిశ్శబ్దం

జైసల్మేర్‌కు నైరుతిగా యాభై కిలోమీటర్ల దూరంలో ఉంది ఖూరీ. సమ్‌లో ఉన్నది విడిది అయితే, ఇక్కడున్నది ఊరు. మట్టి గోడల ఇళ్లు, గడ్డి కప్పులు, గుమ్మాల చుట్టూ తెల్లటి ముగ్గులు. మన పల్లెల్లో ఒకప్పటి అరుగులు గుర్తొస్తాయి. దిబ్బలు సమ్ కంటే చిన్నవి. జీపులు తక్కువ. రాత్రి తొమ్మిదయ్యేసరికి ఊరు సద్దుమణుగుతుంది. ఆపైన చుక్కలే. పట్నాల్లో పుట్టి పెరిగిన పిల్లలు పాలపుంతను మొదటిసారి చూసేది బహుశా ఇలాంటి చోటే. నా ఓటు ఖూరీకే, ఒక షరతుతో. ఇక్కడ చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఏమీ చేయకుండా కూర్చోగల ఓపిక ఇంటిల్లిపాదికీ ఉంటేనే వెళ్లాలి.

మమ్మల్ని ఖూరీ వెనక దిబ్బల్లోకి తిప్పిన డ్రైవరుకు యాభై దాటి ఉంటాయి. చెప్పులు విడిచి, ఒట్టికాళ్లతో దిబ్బ ఎక్కి, కాలితో ఇసుకను కాస్త తన్ని చూసి వచ్చేవాడు. తర్వాతే బండి కదిలేది. ఒకచోట గడ్డి దుబ్బులతో నిండిన మైదానం వచ్చింది. అవతల ఎత్తయిన దిబ్బ కనిపిస్తోంది. నేరుగా వెళ్తే ఐదు నిమిషాలు. అతను చుట్టూ తిరిగి, ఎప్పుడో పడిన బండి జాడలోనే తీసుకెళ్లాడు. ఎందుకని అడిగితే, ‘‘అది సేవణ్ గడ్డి హుకుమ్. మా ఆవులు తినేది అదే’’ అన్నాడు.

ఈ సేవణ్ గడ్డి గురించి చెప్పుకోవాలి. పచ్చగా కళకళలాడదు కాబట్టి మనం దాన్ని పట్టించుకోం. కానీ ఏళ్ల తరబడి బతుకుతూ, వేళ్లతో ఇసుకను పట్టి ఉంచేది ఇదే. వానల్లేని ఏడు కూడా పశువుల కడుపు నింపేది ఇదే. థార్‌పార్కర్ జాతి ఆవులు ఈ గడ్డి మీదే పెరిగాయి. దుబ్బు మీద చక్రం పడి వేళ్లు కదిలితే, అది పట్టి ఉంచిన ఇసుక లేచి పక్కవాడి చేలో పడుతుంది. సమ్ దిబ్బ మీద చక్రం జాడ తెల్లారేసరికి గాలికి మాసిపోతుంది. గడ్డి నేల మీద, గులకరాతి నేల మీద అలా మాసిపోదు. ఏళ్లు ఉంటుంది. ఒక బండి జాడ చూసి ఇంకో బండి వెళ్తుంది. నాలుగేళ్లకు అక్కడొక దారి పడుతుంది.

‘జనం లేని చోటికే వెళ్లాలి’ అన్న సలహాలోని రెండో సగం ఇదే. అందరూ తొక్కేసిన బోడి దిబ్బ మీద జీపు చేసే నష్టం చాలా తక్కువ. ఎవరూ తొక్కని నేల మీద చేసేదే ఎక్కువ. చూడ్డానికి ఖాళీగా ఉన్న చోటు నిజంగా ఖాళీది కాదు మరి!

బట్టమేక పిట్ట మాటేమిటి?

ఆ ఖాళీ నేల మీద బతికే ప్రాణుల్లో ఒకటి మనకూ చుట్టమే. బట్టమేక పిట్ట. నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం పేరు చెబితే పాతతరం కర్నూలువాళ్లకు గుర్తొస్తుంది. మీటరు ఎత్తు, పదిహేను కిలోల దాకా బరువు. ఎగిరే పక్షుల్లో ఇంత బరువైనవి ప్రపంచంలోనే అరుదు. ఒకప్పుడు మనదేశంలో చాలా రాష్ట్రాల గడ్డిమైదానాల్లో ఉండేది. దీన్ని కాపాడుకోవడానికే 1988లో రోళ్లపాడును అభయారణ్యంగా ప్రకటించారు. ఇప్పుడక్కడ ఆ పిట్ట కనిపించడం గగనమైపోయింది. దేశం మొత్తమ్మీద మిగిలినవి 150కి మించవని అంచనా. వాటిలో అత్యధికం జైసల్మేర్ జిల్లాలోనే. అక్కడ దాని పేరు గోడావణ్. రాజస్థాన్ రాష్ట్ర పక్షి.

సమ్, ఖూరీ ప్రాంతాలను ఆనుకునే 3,162 చదరపు కిలోమీటర్లలో ఎడారి జాతీయ పార్కు ఉంది. 1980లో ఏర్పడింది. ఆ రెండు ఊళ్ల మధ్యనున్న సుదాసరి దగ్గర కంచె వేసిన గడ్డి నేలలో ఈ పిట్టల్ని చూడొచ్చు, అదృష్టం ఉంటే. బట్టమేక గూడు కట్టుకోదు. ఒట్టి నేల మీద, సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. అది నేల రంగులోనే ఉంటుంది. పది అడుగుల దూరం నుంచి చూసినా రాయనుకుంటాం. జీపులో నిలబడి కేకలు వేస్తూ వెళ్లేవాళ్లకు అది కనిపించే అవకాశమే లేదు. మనిషి అలికిడికి తల్లి లేచిపోతే చాలు, ఎండకో కుక్కకో నక్కకో గుడ్డు బలైపోతుంది.

న్యాయంగా చెప్పాలంటే ఈ పిట్టకు ప్రధాన శత్రువు జీపు కాదు. కరెంటు తీగలు. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి ఎదురుగా ఉన్నది సరిగా కనిపించదు. కనిపించినా అంత బరువుతో చటుక్కున పక్కకు తిరగలేదు. ఎడారిలో గాలిమరలు, సౌరఫలకాలు పెరిగేకొద్దీ తీగలూ పెరిగాయి. 2021లో సుప్రీంకోర్టు ఆ తీగల్ని భూమిలోంచి వేయమని ఆదేశించింది. అన్నిచోట్లా అది సాధ్యం కాదన్న వాదన రావడంతో 2024లో ఆ ఆదేశాన్ని సవరించి, నిపుణుల కమిటీకి అప్పగించింది. ఇంకోవైపు సమ్‌లో 2019 నుంచి గుడ్లను పొదిగించి పిల్లల్ని పెంచే కేంద్రం నడుస్తోంది. కృత్రిమ గర్భధారణతో పుట్టిన మొదటి పిల్ల 2024 అక్టోబరులో ఇక్కడే కళ్లు తెరిచింది. పర్యాటకుల జీపులు దూకే దిబ్బలకు కాస్త దూరంలోనే ఈ పని జరుగుతోందని అక్కడికి వచ్చేవారిలో ఎంతమందికి తెలుసో!

ట్యాంకులే కూరుకుపోయిన చోటు

ఇక అన్నిటికంటే దూరం, ఉత్తరాన సరిహద్దు వైపు. జైసల్మేర్ నుంచి రామ్‌గఢ్ మీదుగా తనోట్ సుమారు 120 కిలోమీటర్లు. రామ్‌గఢ్ దాటాక దారి మారిపోతుంది. తారు రోడ్డే దిబ్బల మీదుగా ఎక్కుతూ దిగుతూ పోతుంది. రెండువైపులా ఇసుక, అక్కడక్కడా రోడ్డు మీదికే పాకి వస్తూ. జీపుతో పనిలేకుండా మామూలు కారులో కూర్చునే థార్ అసలు రూపు చూడొచ్చు. తనోట్ మాత గుడిలో పూజలు చేసేది సరిహద్దు భద్రతా దళం జవాన్లే. 1965 యుద్ధంలో ఆ చుట్టుపక్కల పడి పేలని పాకిస్థాన్ బాంబుల్ని గుడిలో భద్రంగా ఉంచారు. అమ్మవారి మహిమేనని జవాన్ల నమ్మకం.

అక్కడికి కొద్ది దూరంలోనే లోంగేవాలా. ఇసుకలో బండి నడపడం ఎంత కష్టమో తెలియాలంటే ఈ ఊరి కథ వినాలి. 1971 డిసెంబరు 4 రాత్రి పాకిస్థాన్ సైన్యం నలభైకి పైగా ట్యాంకులతో ఈ దారిన జైసల్మేర్ మీదికి బయల్దేరింది. కాపలాగా ఉన్నది మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురీ నాయకత్వంలో 23వ పంజాబ్ బెటాలియన్‌కు చెందిన సుమారు 120 మంది. వాళ్లు రాత్రంతా నిలబడ్డారు. వాళ్లతోపాటు నిలబడింది ఇసుక. మెత్తటి ఇసుకలోకి దిగిన ట్యాంకులు, వెనకొచ్చిన వాహనాలు కదల్లేక ఆగిపోయాయి. తెల్లారగానే జైసల్మేర్ నుంచి ఎగిరిన మన హంటర్ విమానాలకు అవి ఎదురుగా దొరికాయి. ముప్పైకి పైగా ట్యాంకులు అక్కడే మిగిలిపోయాయి. విమానంలోంచి తీసిన ఫొటో ఒకటి చాలా ప్రసిద్ధం. దాడి తప్పించుకోవడానికి ట్యాంకులు గిరగిరా తిరిగిన జాడలు ఇసుక మీద సున్నాలు చుట్టినట్టు కనిపిస్తాయి. 1997లో వచ్చిన ‘బోర్డర్’ సినిమా కథ ఇదే. ఇప్పుడక్కడ యుద్ధ స్మారకం ఉంది. ఆనాడు పట్టుబడిన ట్యాంకులు చూడొచ్చు.

ఇంకా పడమటికి, ఖూరీ దాటి మ్యాజలార్ వైపు, సమ్ దాటి ధనానా వైపు వెళ్తే పెద్ద పెద్ద దిబ్బలున్నాయి. షాగఢ్ దిబ్బల పేరు వినగానే ఫోర్‌వీల్ డ్రైవ్ వీరుల కళ్లు మెరుస్తాయి. కానీ అది అంతర్జాతీయ సరిహద్దు. అక్కడి చాలా గ్రామాలకు వెళ్లాలంటే జిల్లా అధికారుల అనుమతి కావాలి. భద్రతా దళాలు వద్దన్న చోట వెనక్కి తిరగాల్సిందే. ‘ఎలాగోలా తీసుకెళ్తాం’ అనే దళారుల్ని నమ్మితే సరదా కాస్తా పోలీస్ స్టేషన్లో తేలుతుంది. పైగా ఫోను పనిచేయదు, మంచినీళ్లుండవు. దిగబడితే లాగేవాడు ఉండడు. కుటుంబంతో వెళ్లేవాళ్లకు ఆ ఇసుకను తనోట్ రోడ్డు మీంచి చూడటమే సరైన పద్ధతని నా అభిప్రాయం. చూడ్డానికి అది తక్కువేమీ కాదు.

గల్ఫ్‌లో మనవాళ్లకు ఈ తూకం బాగా తెలుసు. దుబాయ్‌లో ఉండే తెలుగు కుటుంబాలు ఊరి నుంచి చుట్టాలు వస్తే తీసుకెళ్లేది లహ్‌బాబ్ ఎర్ర దిబ్బలకే. గంటలోపు ప్రయాణం. అక్కడి సమ్ అన్నమాట. అసలైన పెద్ద ఇసుక అబుదాబీకి దక్షిణంగా లివా దగ్గర మొదలవుతుంది. అక్కడి మొరీబ్ దిబ్బ దాదాపు 300 మీటర్లు. దానిముందు మన సమ్ దిబ్బలు పిల్లలు. లివా అవతల రుబ్ అల్ ఖాలీ. 6.5 లక్షల చదరపు కిలోమీటర్ల ఇసుక, అంటే నాలుగు ఆంధ్రప్రదేశ్‌లు! అక్కడ రెండు మూడు బండ్లు కలిసి, ఎత్తయిన కడ్డీలకు జెండాలు కట్టుకుని వెళ్తారు, దిబ్బ అవతలి బండికి కనిపించడానికి. మన సమ్ జీపులకూ ఆ జెండా ఒకటి ఉంటే ఎంత బాగుండును!

ఆ ఎడారికీ ఈ ఎడారికీ మనకూ కలిపి ఒక చుట్టరికం ఉంది. ఎమిరేట్స్ తన జాతీయ వృక్షంగా 2008లో ప్రకటించుకున్న ‘గాఫ్’, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం ‘ఖేజ్‌డీ’, తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి... మూడూ ఒకటే చెట్టు. మనం దసరాకు ఆకులు తెంపి బంగారమని పంచుకుంటాం. అక్కడివాళ్లు కాయలు కోసి ఎండబెట్టి కూర వండుతారు. జైసల్మేర్ భోజనంలో కైర్ సాంగ్రీ అని వడ్డించేది కైర్ కాయలూ జమ్మి కాయలే. కాస్త వగరుగా, కారంగా రొట్టెలోకి బాగుంటుంది. అన్నంలో కలుపుకుంటే మాత్రం నాకంతగా రుచించలేదు. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజడ్లీ గ్రామంలో ఈ చెట్లు నరకడానికి రాజుగారి మనుషులు వస్తే, అమృతాదేవి అనే బిష్ణోయీ మహిళ చెట్టును కావలించుకుని ప్రాణమిచ్చింది. ఆమె వెంట మరెందరో. మొత్తం 363 మంది. ఇసుక దిబ్బ మీద ఒంటరిగా నిలబడిన జమ్మి చెట్టు చుట్టూ జీపు గింగిరాలు కొట్టిద్దామన్నప్పుడు స్థానిక డ్రైవర్లలో కొందరు ఒప్పుకోకపోవడానికి కారణం ఇలాంటి కథలే.

ఇంకో మార్పు కూడా చూడొచ్చు ఇక్కడ. పంజాబ్‌లోని హరికే బ్యారేజీ నుంచి బయల్దేరిన ఇందిరాగాంధీ కాలువ 649 కిలోమీటర్లు ప్రవహించి జైసల్మేర్ జిల్లా మోహన్‌గఢ్ దాకా వస్తుంది. 1958లో పని మొదలైంది. దాని పుణ్యమా అని ఒకప్పటి దిబ్బల మధ్య ఇప్పుడు ఆవాలు, శనగ పండుతున్నాయి. కాలువ పూడిపోకుండా గట్ల వెంట చెట్లు నాటారు. ఇరవై ఏళ్ల కిందట జీపు నడిపిన దిబ్బ వెతుక్కుంటూ వెళ్తే అక్కడ పొలం కనిపించడం వింతేమీ కాదు.

వెళ్లేవాళ్ల కోసం

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. పగలు హాయిగా ఉన్నా రాత్రి గజగజ వణికిస్తుంది కాబట్టి స్వెట్టర్లు తప్పనిసరి. ఏప్రిల్ నుంచి ఆ ఊసెత్తొద్దు. 2016 మే నెలలో మన దేశపు రికార్డు వేడి 51 డిగ్రీలు నమోదైన ఫలోదీ జోధ్‌పూర్, జైసల్మేర్‌ల మధ్యనే ఉంది. హైదరాబాద్ నుంచి జోధ్‌పూర్ వరకు రైలుంది. కాచిగూడలో ఎక్కి, జోధ్‌పూర్ శివార్లలోని భగత్ కీ కోఠీలో దిగొచ్చు. అక్కడి నుంచి జైసల్మేర్ రోడ్డు మార్గంలో 280 కిలోమీటర్లు, దారిలోనే పోఖ్రాన్.

మూడు రోజులుంటే మొదటిరోజు కోట, ఊరు. రెండోరోజు తెల్లవారకముందే సమ్, పిల్లల జీపు సరదా అక్కడే తీర్చేసి, సుదాసరి మీదుగా సాయంత్రానికి ఖూరీ. మూడోరోజు తనోట్, లోంగేవాలా. తనోట్‌కు వెళ్లేటప్పుడు గుర్తింపు కార్డులు దగ్గరుంచుకోవాలి. పెట్రోలు జైసల్మేర్‌లో గానీ రామ్‌గఢ్‌లో గానీ నిండుగా కొట్టించుకోండి. ఆపైన బంకు దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. మంచినీళ్లు మనిషికి ఐదు లీటర్ల లెక్కన. ఖాళీ సీసాలు తిరిగి జైసల్మేర్‌కే తెచ్చుకోవాలి, అక్కడ వాటిని ఎత్తేవాళ్లెవరూ లేరు.